నాలుగు తాళ్ళ తెలివి

ముడి వెయ్యడంలో మా వంశానికి పేరుందని చాలాకాలం నమ్మాను. మా తాతగారు ఎడ్లబండి మీద వరిగడ్డి ఎత్తి మోకు బిగిస్తే, తణుకు కాలవగట్టు గతుకుల్లో కూడా ఒక్క పరక రాలేది కాదట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. నేను పుట్టేసరికే బండీ లేదు, ఎడ్లూ లేవు. మోకు మాత్రం అటక మీద ఉండేది. దాన్ని చూస్తూ పెరిగినంత మాత్రాన ఆ విద్య నాకూ అబ్బేసిందనుకోవడం దగ్గర మొదలైంది నా తెలివితక్కువతనం. అది పండింది మాత్రం మిషిగన్‌లో.

మేం ఉండేది డెట్రాయిట్ శివార్లలో. నవంబరు సగం దాటేసరికి ఇక్కడ రోడ్ల మీద మోటారుసైకిలన్నది కనపడదు. చలికి జడిసి మాత్రమే కాదు, ఉప్పుకి జడిసి. మంచు కరగడానికి రోడ్ల నిండా ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పుగనే ఉంది కాబట్టి దానికేం కరువు లేదు. ఆ ఉప్పునీళ్ళు చైనుకీ, సైలెన్సరుకీ, బోల్టులకీ పట్టాయంటే ఇక తుప్పే. అందుకని మార్చి దాకా, ఒక్కో ఏడు ఏప్రిల్ దాకా, బండి ఎక్కడో ఓ మూల నిలబడి ఉండాలి. గ్యారేజీలో రెండు కార్లకే చోటు. మిగిలింది పెరట్లో చెక్క షెడ్డు. పది అడుగులకి పన్నెండు. అందులో అప్పటికే గడ్డి కోసే మిషనుంది, మంచు తోసే మిషనుంది, అరల కింద అట్టపెట్టెల్లో మా ఆవిడ బొమ్మలకొలువు ఉంది.

బండి హోండా రెబెల్ 500. సుమారు 185 కిలోలు. కొన్నరోజు నాన్నగారికి వీడియోలో చూపిస్తే ఆయన ఇంజనూ చూడలేదు, రంగూ చూడలేదు. ‘మెయిన్ స్టాండేదిరా?’ అన్నారు. దీనికి రాదు, సైడు స్టాండొక్కటే అన్నాను. ‘అదేం, డబ్బులు చాల్లేదా?’ అన్నారు. ఆయన ఉద్యోగమంతా చేతక్ మీద నడిచింది. స్టాండెక్కని బండి ఆయన దృష్టిలో ఇంకా తయారవని బండి. నేను నవ్వేశాను. పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నల్లో మనం నవ్వేసినవన్నీ ఎవరైనా రాసిపెడితే బాగుండును.

సైడు స్టాండు మీద బండి ఎడంపక్కకి ఒరిగి ఉంటుంది. ఒరిగితే హ్యాండిలు అడ్డం వచ్చి మంచు తోసే మిషను బయటికి రాదు. కాబట్టి బండిని నిటారుగా నిలబెట్టాలి. దీనికి లోకంలో పద్ధతులు లేక కాదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రాలు దొరుకుతాయి, నేలకి బోల్టులతో బిగిస్తే సరిపోతుంది. వెనక చక్రాన్ని ఎత్తి ఉంచే స్టాండ్లున్నాయి. చట్రం ధర చూశాను. వంద డాలర్ల చిల్లర. హెల్మెట్టు మీద గీతలు నచ్చలేదని రెండోది కొన్నవాణ్ణి, ఆ వంద దగ్గర నాకు పొదుపు గుర్తొచ్చింది. తాతగారి మోకూ గుర్తొచ్చింది.

మిగతా పనులన్నీ పద్ధతిగానే చేశాను. అదే నా కొంప ముంచింది. వాడిన ఆయిల్లో ఆమ్లాలు చేరి లోపలి లోహాన్ని తింటాయని చదివి కొత్త ఆయిల్ పోశాను. ఖాళీ ట్యాంకులో చెమ్మ పట్టి తుప్పొస్తుందని పెట్రోలు మూతిదాకా నింపి, అది చెడకుండా మందు కలిపి, ఆ మందు ఇంజెక్టర్ల దాకా చేరేలా కాసేపు ఇంజను తిప్పాను. సైలెన్సరు గొట్టంలో ఎలకలు కాపురం పెట్టకుండా స్టీలు పీచు కుక్కాను. ఇంత చేసినవాడికి తాడు కట్టడం ఒక లెక్కా అనిపించింది.

సైడు స్టాండు పైకి మడిచేశాను. ముందు చక్రానికి ముందొకటి, వెనకొకటి ఇటుక. హ్యాండిలు రెండు కొసల నుంచీ రెండు నైలాను తాళ్ళు పైకి లాగి, చెరో గోడమీది అర బ్రాకెట్టుకీ కట్టాను. సీటు వెనక నుంచి ఇంకో రెండు, దూలానికి. నాలుగూ పైకే. కట్టాక భుజంతో నెట్టి చూశాను. కదల్లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, కింద ‘మోకు విద్య’ అని రాశాను. బొటనవేళ్ళు చాలా వచ్చాయి. గ్రూపులో పాతికేళ్ళుగా ఇక్కడ బండి నడుపుతున్న ఒకాయన మాత్రం ‘కిందకి కట్టలేదేం?’ అని అడిగాడు. ఆయనకి నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపించాను.

ఇక ఆదివారాల సంగతి. బండికి చలెక్కుతుందని, వారానికోసారి షెడ్డు తలుపులు బార్లా తెరిచి, స్టీలు పీచు తీసి, అయిదు నిమిషాలు స్టార్టు చేసి, మళ్ళీ పీచు కుక్కి వచ్చేవాణ్ణి. జీవకారుణ్యం లాంటిదేదో పొంగేది లోపల. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయని నాకప్పటికి తెలీదు. ఇంజను బాగా కాగేదాకా తిరిగితే ఆ నీరు ఆవిరై పోతుంది. అయిదు నిమిషాలకి ఆపేస్తే సైలెన్సరులోనే కూచుంటుంది. అంటే తుప్పు పట్టకూడదని దాచిన బండికి లోపల్నుంచి నేనే నీళ్ళు పోస్తున్నాను. పైగా ఆ అయిదు నిమిషాల వణుకుకి నా ముళ్ళు ఒక్కొక్క వెంట్రుకవాసి జారుతూ వచ్చాయి.

చలికాలమంటే ఏమీ జరగని కాలమని నా ఊహ. బండి కదలదు, నేను కదలను, మార్చిలో ఇద్దరం లేస్తాం. నిజానికి ఆ షెడ్డులో బండి తప్ప అన్నీ కదిలాయి. నైలాను చెమ్మ పీల్చి సాగుతుంది. నైలాను దండెం మీద తడిబట్టలు ఆరేసిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది, నేను అడగలేదు. చలికి టైరులో గాలి తగ్గుతుంది, పది ఫారెన్‌హీటు డిగ్రీలకి సుమారు ఒక పి.ఎస్.ఐ. లెక్కన. శరత్కాలపు ఎండలో గాలి కొట్టించిన టైరు జనవరికి మెత్తబడి, బండి కొంచెం కిందకి కుంగింది. అన్నిటికంటే గట్టి దెబ్బ నేల కొట్టింది. మట్టిలో నీరు గడ్డకడితే నేల ఉబ్బుతుంది. అందుకే మిషిగన్‌లో ఇంటి పునాది 42 అంగుళాల లోతుకి తగ్గకూడదని నిబంధన. నా షెడ్డుకి పునాది లేదు, కంకర మీద దుంగలేసి పెట్టిన చెక్కపెట్టె అది. ఉబ్బడం కూడా నాలుగు మూలలా సమంగా ఉబ్బదు. ఎడంపక్క మూల పైకి లేచింది.

భోగికి ముందురోజు మా ఆవిడ బొమ్మల పెట్టె కోసం వెళ్ళింది. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. ఆ సందులోంచి నాకు ముందు పెట్రోలు వాసన, తరవాత ముందు చక్రం అందాయి. బండి కుడిపక్కకి పడి ఉంది. ఎడం గోడ అర బ్రాకెట్టు మేకులతో సహా ఊడి, తాడు కొసన వేలాడుతోంది. ముడి మాత్రం ఊడలేదు. ఆ క్షణంలో కూడా, సిగ్గులేకుండా, ముడి వంక మెచ్చుకోలుగా చూశాను.

బండి పడింది కొండపల్లి పెట్టె మీద. ఆ బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో, అంత మెత్తన. మా అత్తగారు తన కొలువులోంచి తీసిచ్చిన బొమ్మలవి. అంబారీ ఏనుగుకి అంబారీ పోయింది, దశావతారాల్లో కూర్మం ఒక్కటే నిలిచింది. దానికి కొండని మోసిన అనుభవం ఉంది మరి. నేను మూతిదాకా నింపిన ట్యాంకు, పడ్డాక మూత దగ్గర్నుంచి ఊరి ఊరి ఆ పెట్టెని తడిపేసింది. గ్యాసు హీటరు మంట వెలుగుతుండే ఇంట్లోకి పెట్రోలు తాగిన కర్రబొమ్మల్ని తీసుకురాలేం. ఆ ఏడు మా ఇంట్లో కొలువు లేదు. మా ఆవిడ అరవలేదు. ‘ఈసారి బొమ్మల్ని కట్టేసి, బండిని పెట్టెలో పెట్టండి’ అంది. పిలిచిన పేరంటాళ్ళకి వరసగా ఫోన్లు చేసి కొలువు లేదని చెబుతుంటే, పక్కగదిలో కూచుని ప్రతి మాటా విన్నాను.

బండి లేపడానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. అక్టోబరులోనే ‘సాయం కావాలా’ అని అడిగితే అక్కర్లేదన్నాను. నేను హ్యాండిలు పట్టి లాగబోతుంటే ఆగమన్నాడు. కుడిపక్కకి పడిన బండికి ముందు సైడు స్టాండు తీసి పెట్టాలి, లేకపోతే లేపిన ఊపులో అవతలకి పడుతుంది. నాకది తట్టనే లేదు. లేపాక జేబులోంచి చిన్న రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. బుడగ ఓ పక్కకి పరిగెత్తింది. తరవాత నా తాళ్ళని చాలాసేపు చూశాడు. చివరికి, ‘దీన్ని ఉరేశావా?’ అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. తాడు కిందకి లాగాలి. ముందు ఫోర్కులకి పైన, హ్యాండిలు కింద ఉండే గట్టి దిమ్మకి రాచెట్ పట్టీలు వేసి, ముందుకీ పక్కలకీ ఏటవాలుగా నేలలోని కొక్కేలకి బిగించాలి. అప్పుడు ఫోర్కుల్లో స్ప్రింగు కొద్దిగా అణిగి పైకి తంతూ ఉంటుంది. పట్టీ కొంచెం సాగినా ఆ తన్ను దాన్ని బిగువుగానే ఉంచుతుంది. నేను పైకి కట్టి ఆ స్ప్రింగుకి పని లేకుండా చేశాను. అలాగని పూర్తిగా అణిచి కట్టకూడదు, నెలల తరబడి ఆయిల్ సీళ్ళ మీద బరువు దేనికి. కొక్కేలు పలకకి కాదు, పలక కింది దూలాలకి దిగాలి. హ్యాండిలు కొసలకి అసలే కట్టకూడదు, అది తిరిగిందంటే అన్ని తాళ్ళూ వదులే. పైగా నేను కట్టిన అర బ్రాకెట్టు గోడ నిలువు కర్రకి కాకుండా పలచటి చెక్కకి దిగి ఉందట. ఆ అరనీ నేనే బిగించాను.

ఇప్పుడు షెడ్డులో చట్రం ఉంది, పట్టీలున్నాయి. సైడు స్టాండు కూడా దించి, కింద చెక్క పలక పెట్టి, బండి దాని మీదకి అంటీ అంటకుండా ఉండేలా చూస్తాను. బ్యాటరీ ఇంట్లో చార్జరు మీద ఉంటుంది. చార్జి పోయిన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టి పగులుతుంది. ఆదివారాలు ఇంట్లోనే కూచుంటున్నాను. మంచు తోసే మిషను గ్యారేజీలో రెండు కార్ల మధ్య ఇరుక్కుంది. ఆ మాత్రం సర్దడం మొదటి ఏడే చేసుండొచ్చని మా ఆవిడ ఇంతవరకూ అనలేదు. కొత్త బొమ్మల పెట్టె ఇంట్లో, నా బట్టల బీరువాలో ఉంది. నా బట్టలు కుర్చీల మీద ఉన్నాయి.

నాన్నగారికి మాత్రం నిజం చెప్పలేదు. మంచు బరువుకి షెడ్డు కప్పు కుంగి బండి పడిపోయిందని చెప్పాను. ఆయన నమ్మారు. తణుకులో టీ కొట్టు దగ్గర, అమెరికాలో మంచు ఎంత పడుతుందో మా అబ్బాయి బండే సాక్ష్యం అని చెప్పుకుంటున్నారట. పోయిన వారం మళ్ళీ అడిగారు, కప్పు కింద కొత్త దూలం వేయించావా అని. వేయించానన్నాను. ఫొటో పంపమన్నారు.