దయచేసి కనుక్కోకండి

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఏదో ఒక పాత ఊరిని కనుక్కుంటూ ఉంటారు. ముప్ఫై సెకన్ల వీడియో, వెనకాల వేణువు, ‘ఎవరికీ తెలియని చోటు’ అని పైన పెద్ద అక్షరాలు. ఓ మూల మేకలు కాసుకునే మనిషి కనిపిస్తాడు. ఆయనకు ఆ చోటు పుట్టినప్పటినుంచీ తెలుసు గనక లెక్కలోకి రాడు. ఎవరికీ తెలియనిది అంటే మాకు తెలియనిది అని అర్థం చేసుకోవాలి. ఈ సంప్రదాయం రీల్స్ కుర్రాళ్ళు పెట్టింది కాదు. మన అమరావతిలోనే దీనికి రెండు వందల ఏళ్ళ పైబడిన వంశవృక్షం ఉంది. దాన్ని తిరగేస్తే తేలేది ఒకటే: పాత కట్టడాన్ని మనుషులు మరిచిపోతే వచ్చే నష్టం కన్నా, గుర్తుపడితే వచ్చే నష్టమే ఎక్కువ.

అమరావతి మహాస్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ కనుగొన్నాడని పుస్తకాలు చెబుతాయి. ఊరివాళ్ళు అప్పటికే దాన్ని దీపాలదిన్నె అని పిలుచుకుంటున్నారు. పేరున్న దిబ్బను కనుక్కోవడమేమిటో! ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఈ ప్రాంతానికి వచ్చి వెళ్ళాడు. ఇక్కడి ధాన్యకటకంలో ఒక భిక్షువు రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని సింహళంలోని 1344 నాటి గడలదెణియ శాసనం చెబుతోంది. ఆ తర్వాత దిబ్బ మట్టి కప్పుకుని పడుకుంది. దాని అదృష్టం పద్దెనిమిదో శతాబ్దం చివర్లో తిరగబడింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి వదిలి ఇక్కడ కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టారు, ఇటుకలూ రాళ్ళూ కావలసి వచ్చాయి. పాలనాటి సున్నపురాయి మీద శిల్పమున్నా లేకపోయినా మెట్టుకు మెట్టే. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వుతున్నారు. ఆయన బృందం మిగిలిన శిల్పాలకు శ్రద్ధగా బొమ్మలు గీసింది. వాటిలో కొన్నింటికి ఇవాళ ఆ బొమ్మే దిక్కు, రాయి లేదు.

అంతటితో ఆగితే నాయుడుగారి మీదకు నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ స్తూపం విలువ తెలిసినవాళ్ళు ఆ తర్వాతే వరసకట్టారు. రాబర్ట్‌సన్ అనే దొర కొన్ని పలకలను మచిలీపట్నం మోయించి బజారులో అలంకారంగా నిలబెట్టాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ చాలా రాళ్ళు ఏళ్ళతరబడి ఎండకూ వానకూ బయటే పడున్నాయి. 1859లో ఓడెక్కి లండన్ చేరాక వాటికి దొరికిన విడిది ఒక భవంతి తాలూకు గుర్రపుశాల. 1877లో సీవెల్ మళ్ళీ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ ఈ కొసరు పనులెందుకని మొత్తం తవ్వెయ్యమన్నాడు. మరుసటి ఏడు చివర్లో జేమ్స్ బర్జెస్ శాస్త్రీయంగా పరిశీలిద్దామని వచ్చేసరికి ఎదురుగా పెద్ద గొయ్యి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటాం కదా, ఇక్కడ కొండే పోయింది.

తీసుకెళ్ళకపోతే బట్టీల్లో కాలి సున్నమైపోయేవి కదా అని అడిగేవాళ్ళుంటారు. నిజమే, కొన్ని అలా కాలాయి కూడా. లండన్, చెన్నై మ్యూజియంలలో ఉన్నవి ఇవాళ భద్రంగా ఉన్నాయన్నదీ ఒప్పుకోవాల్సిందే. అయితే బట్టీ నోట్లోకి రాయి ఎలా వచ్చింది? దిబ్బను విప్పారు గనక. తలుపు పగలగొట్టినవాణ్ణి వదిలేసి, సామాను సర్దిపెట్టినవాడికి దండ వేస్తున్నాం. పైగా రాయి బతికింది గానీ చోటు చచ్చిపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక ఉంది, రెండు వైపులా చెక్కింది. ఒకవైపు పాత కాలపు పని, బోధివృక్షానికి మొక్కుతున్న మనుషులు. కొన్ని శతాబ్దాల తర్వాత వచ్చిన శిల్పి అదే పలకను తిప్పి, వెనకవైపు స్తూపాన్నే చెక్కాడు: ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు, చుట్టూ ప్రాకారం. మహాస్తూపం ఎలా ఉండేదో మనం ఊహించుకుంటున్నది ఇలాంటి పలకలను చూసే. అంటే స్తూపం చూడాలంటే స్తూపం దగ్గరికి వెళ్ళి లాభం లేదు, వీసా తీసుకోవాలి. పాత పలకను తిప్పి వాడుకున్న ఆ శిల్పి కూడా ఒకరకంగా వెంకటాద్రి నాయుడుగారే కదా అనొచ్చు. కాదు. ఆయన రాయిని తిప్పాడు, స్తూపం నుంచి తప్పించలేదు.

జనం వస్తేనే నిధులొస్తాయి, నిధులొస్తేనే రక్షణ అన్నది రెండో వాదన. పర్యాటక శాఖల వేదవాక్యం. జనం వస్తూనే ఉన్నారు. వచ్చి నూట ఇరవై అయిదు అడుగుల ధ్యానబుద్ధుడి ముందు ఫోటో దిగి, అమరేశ్వరుడి దర్శనం చేసుకుని బస్సెక్కుతున్నారు. సుమారు యాభై మీటర్ల వ్యాసంతో ఒకప్పుడు లేచి నిలబడ్డ కట్టడం ఇప్పుడు మోకాలెత్తు ఇటుకల గుండ్రం. ఫోటోలో పడదు. రాజధానికి దాని ఊరి పేరు మాత్రం బాగా పడింది.

అందుకే పక్కనున్న ధరణికోట సంగతి తలచుకుంటే భయం వేస్తుంది. శాతవాహనుల నాటి ధాన్యకటకం అదే. 1960లలో తవ్వితే పడవల కాలువా, మొదట కొయ్యదుంగలతో, తర్వాత ఇటుకలతో కట్టిన రేవూ బయటపడ్డాయి. కృష్ణమ్మ మీదుగా సరుకు దిగిన చోటు. ఇంకా ఎంత మట్టి కింద ఉందో గానీ, వీడియోలవాళ్ళు ఇటు పెద్దగా రావడం లేదు. ఒకవేళ ఎవరైనా వచ్చి, కోట దిబ్బ మీద నిలబడి ఫోన్ పైకెత్తితే, ఆ మేకలు కాసే మనిషికి చిన్న మనవి. ‘ఇక్కడేముంది బాబూ, అదిగో అటు చూడు, ఎంత పెద్ద బుద్ధుడో’ అని చెయ్యి చూపించి పంపెయ్యవయ్యా.