అవమానం వెయ్యి, దెబ్బ రెండు వేలు

గుంటూరు యార్డులో మిర్చి ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పిల్లవాడి పరువు ధరకు ఆ ఒడుదొడుకుల్లేవు. 1997లో మన రాష్ట్రం చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టం దాన్ని వరసగా అచ్చేసి పెట్టింది. ఏడిపించి అవమానిస్తే వెయ్యి దాకా. చెయ్యి చేసుకున్నా, బెదిరించినా రెండు వేలు. గదిలో పెట్టి గొళ్లెం వేసినా, గాయపరిచినా ఐదు వేలు. కాళ్లూ చేతులూ విరిగితే పది. ప్రాణం పోతే యాభై. ఆర్నెల్లు, ఏడాది, రెండేళ్లు అని జైలు మాట కూడా ఉంది లెండి. కానీ మొదటి మూడు రకాలకూ జైలుకు బదులు జరిమానాతో సరిపెట్టొచ్చు. వెయ్యి రూపాయలతో ఇవాళ సింగరాయకొండ హైవే పక్కన నలుగురు కడుపునిండా బిర్యానీ తినగలరో లేదో అనుమానమే. ఒక కుర్రాణ్ణి మాత్రం తృప్తిగా ఏడిపించొచ్చు.

కాలేజీలు తెరిచే రోజుల్లో మా సింగరాయకొండ రైల్వే స్టేషన్‌కు రండి. పొగాకు అమ్మిన డబ్బు ఫీజుకు కట్టేసిన నాన్న, ఆవకాయ డబ్బాకు గుడ్డ కడుతున్న అమ్మ, మధ్యలో కొత్త బూట్ల కొడుకు. "అన్నలతో మర్యాదగా ఉండు నాయనా" అని అప్పగింతలు. ఆ మర్యాద ఎలాంటిదో పాపం వాళ్లకేం తెలుసు? తలెత్తకూడదు. చొక్కా మూడో గుండీ చూస్తూ నిలబడాలి. అర్ధరాత్రి పిలిచి ఇంట్రో చెప్పమంటే పన్నెండోసారి కూడా చెప్పాలి. ఆవకాయ డబ్బా ఎలాగూ మొదటి రాత్రే అన్నల గదికి చేరుతుంది.

రైలు ఒంగోలు, చీరాల దాటితే బాపట్ల. 2009లో అక్కడ ఒక ఫస్టియర్ అమ్మాయి సీనియర్ల వేధింపు తట్టుకోలేక ప్రాణం తీసుకోబోయింది. అదే ఏడాది హిమాచల్‌లో సీనియర్లు కొట్టిన దెబ్బలకు ఓ వైద్య విద్యార్థి చనిపోయాడు. అప్పుడు యూజీసీ కదిలి నిబంధనలు, హెల్ప్‌లైన్ తెచ్చింది. ఇంకాస్త ముందుకెళ్తే నాగార్జున విశ్వవిద్యాలయం. 2015 జూలైలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. ఊరేగింపులు, విచారణ కమిటీ, నివేదిక అన్నీ సక్రమంగా జరిగాయి. 2024 నవంబరులో గుంటూరు కోర్టు సాక్ష్యాలు చాలవని కేసు కొట్టేసింది. తొమ్మిదేళ్లు! ఆర్కిటెక్చర్ కోర్సు ఐదేళ్లే. అదే 2024లో నరసరావుపేట హాస్టల్లో ఎన్‌సీసీ శిక్షణ పేరుతో జూనియర్లను కర్రలతో కొట్టిన వీడియో బయటికొచ్చింది. దేశభక్తి కూడా కర్రతోనే నేర్పుతారన్నమాట.

ఫిర్యాదొస్తే పట్టించుకోని కాలేజీ పెద్దను కూడా నేరానికి తోడ్పడినట్టే లెక్కగట్టమంటుంది చట్టం. అందుకే ఫిర్యాదు రాకుండా చూసుకోవడంలో మన ప్రిన్సిపాళ్లంత జాగ్రత్తపరులు లేరు. "మా దగ్గర ర్యాగింగా? ఇంటరాక్షన్ బాబూ! రాతపూర్వకంగా ఇస్తే నీ భవిష్యత్తే పాడవుతుంది, ఆలోచించుకో." ఆలోచించుకోమనే పెద్దమనిషి వెనక గోడ మీదే హెల్ప్‌లైన్ నంబరు. దాని మీద క్యాలెండరు.

అన్నిటికంటే ముచ్చటైనది హామీపత్రం. ఎవర్నీ ర్యాగింగ్ చేయనని చేరిన రోజే రాసివ్వాల్సింది ఎవరనుకున్నారు? మూడో గుండీ చూడబోయే ఆ కుర్రాడే. పక్కన నాన్న సంతకం కూడా ఉండాలి. ఏటా మళ్లీ ఇవ్వాలి కాబట్టి రెండో ఏడాదీ బుద్ధిగా ఇస్తాడు. ఇచ్చేసి, రాత్రి పదకొండు దాటాక కొత్తవాళ్ల తలుపులు కొట్టడానికి బయల్దేరతాడు.