వెనక డ్రమ్ము చెప్పిన కథ

నేను పోత ఇనుముతో చేసిన డ్రమ్ముని. పాత 350 సీసీ బుల్లెట్టు వెనక చక్రంలో ఎడమ పక్కన ఉంటాను. మా బండికి చైను పళ్లచక్రం వేరు, బ్రేకు డ్రమ్ము వేరు కాదు. రెండూ నేనే. అంచున ఉన్న పళ్లతో బండిని లాక్కుపోతాను, లోపలి గోడతో నిలబెడతాను. ఆ గోడ వ్యాసం 6 అంగుళాలు.

నన్ను గీసినవాళ్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ వాళ్లు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక, తిరువొత్తియూరులో నా వంటివాళ్లు వేల మంది పుట్టారు. రెడ్డిచ్ కంపెనీ ఇంగ్లండులో మూతపడినా మా పాత బళ్ల అలవాటు మాత్రం పోలేదు: గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి.

మా బండి నడిపే బాబుది విజయనగరం వైపు పల్లె. బైలదిల్లా ఇనుప గనిలో షావెల్ ఆపరేటరుగా ఉద్యోగం వస్తే, బండిని విశాఖలో రైలెక్కించి కిరండూలు తెచ్చుకున్నాడు. ఇక్కడి ఖనిజం జపానుకు పంపడానికని 1960లలో వేసిన కొత్తవలస లైను ఇది. అరకు కొండల సొరంగాలన్నీ దాటుకుని వచ్చి ఈ ఊళ్లోనే ఆగిపోతుంది. ఖనిజం నింపుకున్న గూడ్సులు ఆ ఘాట్లు దిగి సముద్రం దాకా పోవాలి. అంత బరువును పట్టి దించే బ్రేకులంటే నాకు ఎంతో గౌరవం.

ఇక్కడి మట్టి ఎరుపు. అందులో 65 శాతానికి పైగా ఇనుమున్న ఖనిజపు పొడి కలిసి ఉంటుంది. ఎండాకాలం అది గాలిలో తేలుతుంది, వానాకాలం బురదై చక్రాలకు పట్టుకుంటుంది. బ్రేకు ప్లేటు అంచు సందులోంచి లోపలికి దూరితే సానరాయి పొడి లెక్క నా గోడను గీస్తుంది. చైను నూనె చిమ్మి దానితో కలిసిందంటే మరీ ప్రమాదం.

లోపల రెండు షూలుంటాయి. పెడలు తొక్కితే రాడ్డు లివరును లాగుతుంది, కేము తిరిగి షూలను విప్పుతుంది. ముందు షూను నా తిరుగుడే నా గోడ వైపు లాక్కుంటుంది కాబట్టి అది గట్టిగా పడుతుంది. వెనక షూను నేనే తోసేస్తుంటాను, దాని పట్టు తక్కువ. అంటే సగానికి మించిన పని ఒక్క షూదే. ఆ ఒక్కటీ నన్ను నిండుగా తాకకపోతే ఎంత తొక్కినా బండి ఆగదు.

ఒక వానాకాలం కొండ మీంచి దిగుతుంటే బండి జారినంత పని చేసింది. మర్నాడే బాబు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఏటి మేస్త్రీ, కొత్త షూలు ఏయించి నెల్లాళ్లు కాలేదు. తొక్కితే అలా దిగిపోతంది."

మేస్త్రీ చక్రం విప్పాడు. ప్లేటు మీది పొడిని నోటితో ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆ జాగ్రత్త తెలిసిన చేయి మీద నాకు వెంటనే నమ్మకం కుదిరింది. షూను వెలుతురుకి పట్టి చూపించాడు. లైనింగు నడిమధ్యలో వేలెడంత మేర మెరుస్తోంది, రెండు చివర్లూ కొత్తగానే ఉన్నాయి.

"చూడు బాబూ, ఇక్కడొక్కటే అంటతంది. డ్రమ్ముని ఎప్పుడో లేతు పట్టించేసారు, లోపల ఎడల్పయ్యింది. షూలేమో కంపెనీ సైజువి."

పైగా నా గోడలో గాడి కూడా పడింది. మేస్త్రీ ముందు నన్ను లేతు మీద ఎక్కించి, గాడి పోయేంత వరకే, సన్నగా చెక్కించాడు. తరవాత షూలకు మందం లైనింగు అంటించి, వాటిని ప్లేటు మీదే బిగించి, కేము దగ్గర పల్చటి రేకు పెట్టి కాస్త విప్పి, ప్లేటుతో సహా లేతు తిప్పించాడు. లైనింగు వంపు నా కొలతకు వచ్చేదాకా చెక్కారు. ముందు అంచును ఆకురాయితో ఏటవాలుగా తీశాడు, అది నన్ను కరచి కీచుమనకుండా.

ఇంకో మార్పు కూడా చేశాడు. మందపు ఇనప పట్టీ కోసి పాతదానికన్నా అర అంగుళం ఎక్కువ పొడుగున్న లివరు తయారు చేశాడు. లివరు పొడుగైతే అదే కాలికి బలం పెరుగుతుంది, కానీ పెడలు ఎక్కువ దిగుతుంది. అందుకే అరిగిన పిన్నులూ కేము బుష్షూ ముందే మార్చాడు. షూ నన్ను తాకే వేళకు లివరూ రాడ్డూ లంబకోణంలో ఉండాలని మూలమట్టం పెట్టి చూసుకున్నాడు. చివర్లో బాబు చేత పెడలు గట్టిగా తొక్కించి, ఆ తొక్కుడు మీదే యాక్సిలు నట్టు బిగించాడు. అలాగైతేనే షూలు నా నడుమకు సరిగ్గా కూర్చుంటాయి. చాలామంది వదిలేసే పని ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఆ రోజు నుంచి నా పట్టు వేరు. వెనక బ్రేకు ఒక్కటే బండిని చప్పున ఆపలేదు, బరువు ముందుకు ఒరిగినప్పుడు ముందు చక్రానిదే పెద్ద పాత్ర. కానీ తడి బురదలో, గులకరాళ్ల మీద, దిగుడులో బండిని తిన్నగా నిలిపేది నేనే. బాబు కాలికి ఇప్పుడది తెలుసు.

చైను బిగించినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుంది, రాడ్డు బిగుసుకుంటుంది. వెంటనే దాన్ని వదులు చేస్తాడు. లేకపోతే షూలు నన్ను రాసుకుంటూనే ఉండి, నేను వేడెక్కి, లైనింగు గాజులా గట్టిపడుతుంది. వాగు దాటాక నెమ్మదిగా పోతూ పెడలు తేలిగ్గా నొక్కి నన్ను ఆరబెడతాడు. నా గోడ ఇంకొకసారి చెక్కుడుకు ఆగేలా లేదు, మేస్త్రీ ఆ మాట చెప్పేశాడు. అందుకే వానలు మొదలవ్వకముందే చక్రం విప్పి ఎర్రపొడి తుడవడం బాబు ఏ ఏడూ మానలేదు.