టోపీ ఎంచుకోవడం ఎలా? (ఎండ సంగతి పక్కన పెట్టి)

టోపీ కొనడానికి దుకాణంలోకి వెళ్లేముందు ఒక అపోహను చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచేయాలి. టోపీ ఎండ కోసం కాదు. ఎండ కోసమే అయితే రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో పొలానికెళ్లే మనిషి ఆ లెక్క ఎప్పుడో తేల్చేశాడు. తడిపిన తువ్వాలు తలకు చుట్టుకుంటే నడినెత్తి, చెవులు, మెడ అన్నీ చల్లగా ఉంటాయి. చెమట తుడుచుకోవడానికీ, దుమ్ము లేస్తే ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికీ, మధ్యాహ్నం చెట్టు కింద పరుచుకుని నడుం వాల్చడానికీ అదే. ఒక్క వస్తువు ఇన్ని పనులు చేస్తోందంటే అది ఫ్యాషన్ కాదని అర్థం. కాబట్టి తువ్వాలును పొలంలోనే ఉంచి మనం ముందుకెళదాం.

మొదట బేస్‌బాల్ క్యాప్. బ్రూక్లిన్‌లో ఎక్సెల్సియర్స్ అనే జట్టు 1860లోనే గుండ్రటి నెత్తి, ముందుకు పొడుచుకొచ్చిన అంచు ఉన్న టోపీలతో ఆడింది. ఆకాశంలోంచి దిగే బంతి మీద చూపు నిలవాలంటే కళ్లకు నీడ కావాలి, ఆ అంచు అందుకే. చెవులకూ మెడకూ అది చేసే ఉపకారం ఏమీ లేదు. మన సంగతేమో తిరగేసి ఉంటుంది: పైనుంచి పడే బంతులు తక్కువ, చెవులూ మెడా మాడడం ఎక్కువ. కనుక తప్పకుండా ఇదే కొనాలి. రంగు నలుపైతే మరీ మంచిది. వేడిని వృథాగా పోనివ్వదు, మొత్తం మాడు మీదికే చేరుస్తుంది.

దాని మీద ఏం రాసుండాలన్నది తర్వాతి ప్రశ్న. ఎన్, వై అక్షరాలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉన్నది తీసుకోండి. అది న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టు గుర్తనీ, ఆ ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయనీ మీకు తెలియనవసరం లేదు. ఫుట్‌పాత్ మీద అమ్మే కుర్రాడు మీకు పరీక్ష పెట్టడు. ఆ జట్టు టోపీ ముదురు నీలం. 1996లో సినిమా దర్శకుడు స్పైక్ లీ తనకు ఎర్రది కావాలని న్యూ ఎరా కంపెనీని అడిగి మరీ చేయించుకున్నాడు. ఆ తర్వాత అది ఏ రంగులోనైనా దొరుకుతోంది, చీర మీదికి మ్యాచింగ్ కూడా కుదురుతుంది.

ఆ కంపెనీవే 59ఫిఫ్టీ అని 1954 నుంచి వస్తున్న టోపీలున్నాయి. అంచు మీద సైజు రాసిన బంగారు రంగు స్టిక్కర్ ఉంటుంది. దాన్ని పీకకుండా తిరగడమే ఫ్యాషన్. కొత్త ఫ్రిజ్ తలుపు మీద స్టార్ల స్టిక్కర్‌ను పదేళ్లయినా ముట్టుకోని, రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తీయని ఇళ్లలో పెరిగాం. ఈ విద్య మనకు ఒకరు నేర్పాలా?

వెనక్కి తిప్పి పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. బేస్‌బాల్‌లో క్యాచర్ మొహానికి ఇనుప చట్రం కట్టుకుంటాడు, అంచు దానికి అడ్డం రాకుండా టోపీ వెనక్కి తిప్పుతాడు. మీకు చట్రం లేదు. అయినా తిప్పండి. తర్వాత ఎండకు కళ్లు చికిలించి, నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడండి.

ఇక జాలీ టోపీ. ముందు స్పాంజి, వెనక వల. అమెరికాలో దాణా కంపెనీలూ ట్రాక్టర్ల కంపెనీలూ రైతులకు ఊరికే పంచిపెట్టినవి ఇవి. స్పాంజి మీద కంపెనీ పేరు పెద్దగా అచ్చవుతుంది, అందుకని. మన దగ్గరా అదే ధర్మం. పత్తి రైతు తల మీద విత్తనాల కంపెనీ, తాపీమేస్త్రీ తల మీద సిమెంటు, రంగులేసే అతని తల మీద పెయింటు. రోజంతా నిజంగా ఎండలో ఉండేవాళ్ల నెత్తికెక్కే టోపీ ఇదొక్కటే కాబట్టి మర్యాదస్తులు దీన్ని ఉచితంగా తీసుకోకూడదు. ఇదే బాపతు టోపీని అంచులు చిరిగినట్టు చేసి, రంగు వెలిసినట్టు ఉతికి మాల్‌లో అద్దాల వెనక పెడతారు. అక్కడ డబ్బు పోసి కొనుక్కోవాలి. ఎన్నికలప్పుడు వచ్చే పసుపు, గులాబీ, కాషాయం, మూడు రంగుల టోపీలు మాత్రం ఏవీ వదలకండి. అన్నీ ఒక సంచిలో పెట్టి ఉంచుకుంటే ఊరేగింపు వీధి మలుపు తిరిగేలోగా నిర్ణయం తీసుకోవచ్చు.

అసలు సిసలు టోపీ అంటే అమెరికాలో ఉన్న పిల్లలు ఇచ్చేది. అబ్బాయి డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటాడు, నాన్న ఆర్నెల్లు ఉండి వస్తాడు. జీవితమంతా నెత్తిన నూనె తప్ప మరేమీ పెట్టని మనిషి తెల్ల బూట్లతో, టోపీతో దిగుతాడు. టోపీ మీద యూనివర్సిటీ పేరు, దాని కింద ‘డాడ్’ అని కుట్టి ఉంటుంది. పెట్టుకోవాల్సిన చోటు విశాఖ బీచ్ రోడ్డు, వేళ తెల్లవారుజామున అయిదున్నర. అప్పుడు ఎండ ఉండదు నిజమే, నడిచేవాళ్లు మాత్రం ఉంటారు. “ఏం మాస్టారూ, టోపీ కొత్తదా?” అని ఎవరో ఒకరు అడగాలి. “అబ్బే, మావాడు చదివిన యూనివర్సిటీదండీ. పారేయడం ఎందుకని పెట్టుకున్నా,” అనాలి. ఆ ‘అబ్బే’ ముఖ్యం, ఇంటి దగ్గర సాధన చేసి వెళ్లండి. ఎవరూ అడక్కపోతే టోపీ తీసి, లేని దుమ్ము దులిపి, అక్షరాలు ఎదుటివారి వైపు ఉండేలా పట్టుకుని ఒక నిమిషం అలసట తీర్చుకోవాలి. పిల్లలిద్దరూ వేర్వేరు చోట్ల చదివితే రోజు మార్చి రోజు. బట్టతల కనిపించదన్నది అదనపు లాభం. అయితే గుర్తుంచుకోండి, ఎవరైనా పలకరించడానికి మాట మొదలుపెట్టగానే మీరు మర్యాదకొద్దీ తీసేది ఆ టోపీయే.

తిరుమలలో కల్యాణకట్ట నుంచి బయటికొచ్చి, ఇంకా ఆరని గంధం మీద కొనే టోపీది మరో తరహా. బేరమాడే స్థితిలో మీరుండరు. పిల్లకు ఒకటి, మీకు ఒకటి, అత్తగారికి వద్దన్నా ఒకటి. సోమవారం ఆఫీసులో ఆ టోపీతో కూర్చుంటే గుండు దాగుతుందని అనుకుంటారు. లిఫ్టులోనే అడుగుతారు: “తిరుపతి వెళ్లొచ్చావా? ఏదీ ప్రసాదం?” కనుక టోపీ కొనే డబ్బుతో లడ్డూల సంఖ్య పెంచుకోవడం మేలని కొందరంటారు. వాళ్లు ఫ్యాషన్ తెలియనివాళ్లు.

బకెట్ టోపీ గురించి ఎక్కువ చెప్పను. చుట్టూ అంచు ఉంటుంది, చెవులకూ మెడకూ కాస్త నీడ పడుతుంది. అంటే పనిచేస్తుంది. అక్కడే మనకు అనుమానం రావాలి.

చివరగా మంకీ క్యాప్. క్రిమియా యుద్ధంలో 1854లో పోరు జరిగిన బలాక్లావా ఊరి పేరే ఇంగ్లిష్‌లో దీనికి పెట్టారు. చలికి సైనికులు వేసుకున్నారట. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున దీన్ని వేసుకుంటే అర్థముంది. అందుకే అక్కడికి వెళ్లే కుర్రకారు ఫొటోలు పాడవుతాయని తీసేస్తారు. హైదరాబాదులో పద్దెనిమిది డిగ్రీలకు మాత్రం, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, తప్పకుండా వేసుకోవాలి. ఫోను మీ మొహాన్ని గుర్తుపట్టదు, మనవడు గుర్తుపట్టి ఏడుస్తాడు. రంగు, అక్షరాలు, అంచు ఎటు తిప్పాలి అని ఇంతసేపు నేర్చుకున్నదేదీ ఇక్కడ పనికిరాదు. దాన్ని ఇంట్లోవాళ్లే తెస్తారు, గోధుమరంగుదే తెస్తారు, మీరు నిద్రపోయాక తొడుగుతారు.