పేరు పోగొట్టుకున్న తుఫాను

మా బావ సముద్రాన్ని చూసింది ఒక్కసారే. పెళ్లయిన కొత్తలో వైజాగ్ పోయి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో దిగి, ఒక చెప్పు సముద్రుడికి సమర్పించి వచ్చాడు. కరీంనగర్‌లో మాకు సముద్రమంటే ఎల్ఎండీయే, అదే లోయర్ మానేరు డ్యామ్. నిండితే 24 టీఎంసీలు, కట్ట మీద మక్కకంకులు, సాయంత్రం చల్లగాలి. అసలు సముద్రం కావాలంటే మచిలీపట్నం వైపు గీత గీసినట్టు తిన్నగా పోయినా మూడు వందల కిలోమీటర్ల పైమాట. ఆదిలాబాద్ వాళ్లు ఇంకో నూట యాభై కలుపుకోవాలి.

అయినా బంగాళాఖాతం మా బావ అరచేతిలో ఉంటుంది. అండమాన్ దగ్గర ఉపరితల ఆవర్తనం అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన దుకాణంలో జిరాక్స్ మిషన్ ఆగిపోతుంది, ఫోన్‌లో గాలులు పురుగుల్లా పాకే మ్యాపు తెరుచుకుంటుంది. అమెరికా మోడల్ ఒకటి చెబుతుంది, యూరప్ మోడల్ ఇంకోటి చెబుతుంది. ఆ రెండింటి పంచాయితీ తెంపే పెద్దమనిషి మా బావ. "అమెరికోడు ఒంగోలు అంటున్నడు, యూరపోడు కాకినాడ అంటున్నడు. ఇద్దరికీ తెల్వది, నేనైతే నర్సాపురం అంట" అని తీర్పిస్తాడు. ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన ముసలాయన "ఎంతయింది బిడ్డా" అని అడిగితే, "తొమ్మిది వందల తొంభై ఆరు, ఇంకా పడిపోతది" అన్నాడట. మిల్లీబార్ల సంగతి తెలియని ముసలాయన కార్డు అక్కడే వదిలేసి పోయాడు.

మా చిన్నప్పుడు ఈ వైభవం లేదు. రేడియోలో వాతావరణం అంటే ఒకే వాక్యం: ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి ఓ మోస్తరు వర్షాలు. ఆ ఒకటి రెండు చోట్లు ఏ జిల్లాలో ఉంటాయో మా తాత చచ్చేదాకా కనుక్కోలేకపోయాడు. ఇప్పుడు మండలం పేరు పెట్టి, గంటలు చెప్పి మరీ హెచ్చరించే పిల్లలొచ్చారు. ఉద్యోగం ఒక పక్క, ఆకాశం ఒక పక్క. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్‌గా పేరుపడ్డ సాయి ప్రణీత్ గురించి 2021 జూలైలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లోనే చెప్పారు. మన వైపు తెలంగాణ వెదర్‌మ్యాన్ ఉన్నాడు. బులెటిన్ భాషను జనం భాషలోకి దించిన ఈ పిల్లలను వెక్కిరిస్తే నా కళ్లు పోతాయి. నా గొడవంతా మా బావతోనే. ఆయనకు వాన అక్కర్లేదు, తుఫాను కావాలి. అదీ నడిసముద్రంలో, గుండ్రంగా, మధ్యలో కన్నుతో ఉండాలి.

2025 అక్టోబరు 28న ఆయన జాతకంలో రాజయోగం పట్టింది. ఒకే రోజు రెండు తుఫాన్లు. అట్లాంటిక్ వైపు మెలిస్సా, ఇటు మన బంగాళాఖాతంలో మొంథా. మెలిస్సా కేటగిరీ 5 హరికేన్. గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలితో, 892 మిల్లీబార్ల పీడనంతో జమైకాను కొట్టింది. మన గడియారం ప్రకారం అప్పుడు రాత్రి పదిన్నర. మొంథా తొంభై, వంద మధ్య. "ఇది తుఫానా, టేబుల్ ఫ్యానా" అని బావ పెదవి విరిచాడు. సొంత తుఫాను మీద కూడా అంత చిన్నచూపా అని నాకే బాధేసింది.

ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. సైదాపూర్ వైపు ఊళ్లో నాలుగెకరాల వరి కోయించి, వడ్లు రోడ్డు మీద ఆరబోసి వచ్చారు. అక్క చాయ్ గ్లాసు బావ ముందు పెట్టి ఒకటే ప్రశ్న అడిగింది.

"గాలి సంగతి నాకెందుకయ్యా. వాన వస్తదా, రాదా?"

మూడు రోజుల్లో నేను విన్న ప్రశ్నల్లో పనికొచ్చేది అదొక్కటే. బావ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "తీరం దాటినంక దానికి బలమెక్కడిదే. భూమి తగిల్తే తుఫాను సచ్చిపోతది. ఇంకో పావుగంట ఆగు, జమైకా చూద్దాం" అన్నాడు.

అర్ధరాత్రి వేళ నర్సాపురం దగ్గర మొంథా తీరం దాటింది. తన జోస్యం ఫలించినందుకు బావ నాకు ఫోన్ చేసి, "ఏం బామ్మర్ది, నేనేమన్న?" అని ఒక విజయహాసం పారేసి, ఖతం అని ప్రకటించి పడుకున్నాడు. మ్యాపులో ఎరుపు పోయి లేత నీలం వచ్చింది మరి.

ఆయన చెప్పిందాంట్లో సగం నిజమే. వెచ్చటి సముద్రం నుంచి లేచే ఆవిరే తుఫానుకు మేత. నేల మీదికొస్తే మేత ఆగి గాలి చప్పబడుతుంది. కానీ అప్పటిదాకా మోసుకొచ్చిన నీళ్ల మాటేమిటి? కావడి మోసేవాడు అలసి కూలబడితే కుండలో నీళ్లు కూలబడ్డ చోటే ఒలుకుతాయి. మొంథా కావడి మా నెత్తి మీద దించింది. మర్నాడు, 29న, హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 41 సెంటీమీటర్లు కురిసింది. లెక్కేసి చూడండి, ఒక ఎకరం మీద పదహారు లక్షల లీటర్ల పైన నీళ్లు. 2016కు ముందు ఆ మండలం కరీంనగర్ జిల్లాదే. అలాగే పాత కరీంనగర్‌లోని హుస్నాబాద్ మార్కెట్ యార్డులో వడ్ల కుప్పలు రైతుల కళ్ల ముందే కొట్టుకుపోయాయి. వరంగల్, హనుమకొండ కాలనీల్లో జనం ఇళ్ల పైకప్పులెక్కారు. బావ ఫోన్‌లో మాత్రం లేత నీలమే. గాలి చూపించే పేజీ తెరిచి పెట్టుకుంటే వాన ఎట్లా కనిపిస్తుంది?

నేను ఊరికి పోయేసరికి అక్క మోరీలో దిగి ఉంది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపి, ప్లాస్టిక్ తట్టతో వడ్లు తోడి, ఒక చోట పోసి, మళ్లీ దిగుతోంది. తట్టలో వడ్లెన్నో, ఇసుకెంతో, మోరీ బురదెంతో ఏరే ఓపిక లేదు. బావ గట్టున నిలబడి చేతులు చాచి తట్ట అందుకుంటున్నాడు. జేబులో ఫోన్ మోగుతోంది, తీయలేదు. మూడో రోజుకు కుప్ప పైన తెల్లటి మొలకలు వచ్చాయి, సన్నగా, దగ్గరదగ్గరగా, చంటిపిల్లల పాలపళ్లలా. ఏ మాటకామాట, చూడడానికి అందంగానే ఉన్నాయి.

కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ పెట్టారు. 17 శాతం దాటితే కాంటా పెట్టరు. ఆకాశంలో తేమ నిండుకుండలా ఉన్నప్పుడు ఎవరూ మిషన్ పట్టుకుని బయటికి రాలేదు. అది వడ్లలోకి దిగాక మాత్రం మహా నిక్కచ్చి. ఆదిలాబాద్‌లో ఉండే మా చిన్నమామకు చెబితే ఫోన్‌లోనే నవ్వాడు. "మీకు పదిహేడు దాకన్న ఉన్నదిరా. పత్తికి ఎనిమిది దాటితే ధర కోత, పన్నెండు దాటితే సీసీఐ మొఖం తిప్పుకుంటది. పైగా ఈ యేడు అమ్ముకోవాలంటే యాప్‌ల స్లాటు బుక్ చేసుకోవాలె" అన్నాడు. ఈ దేశంలో రైతు ఫోన్‌లో వాతావరణం ఉచితంగా దొరుకుతుంది, క్యూ మాత్రం బుక్ చేసుకోవాలి.

చిన్నమామదీ వాతావరణ పిచ్చే గానీ రకం వేరు. ఆయనకు సముద్రంతో పనిలేదు. చలికాలంలో ఉష్ణోగ్రత ఒక అంకెకు దిగిన రోజు, ఎండాకాలంలో 45కు ఎక్కిన రోజు ఫోన్ చేసి, పరీక్షలో కొడుక్కొచ్చిన మార్కుల్లా చెబుతాడు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి, 18 గేట్లలో ఒకటి మొరాయించినప్పుడు మాత్రం ఆ రాత్రంతా ఫోన్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వానకు పేరు లేదు. మరుసటి ఏడు జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటను ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లతో ముంచిన వానకూ లేదు.

ఇదే నన్ను తొలుస్తున్న సంగతి. పదమూడు దేశాలు కూర్చుని తుఫానులకు పేర్లు పెడతాయి. మొంథా థాయ్‌లాండ్ ఇచ్చిన పేరు, సువాసనల పువ్వు అని అర్థం. సముద్రం మీదున్నంత సేపు ఆ పేరు మైకులో మోగుతుంది. మా దాకా వచ్చేసరికి అది తుఫాను కాదు, వాయుగుండం. ఇంకాస్త వస్తే అల్పపీడనం. ఉద్యోగం పోయిన అల్లుడు అత్తారింటికి వచ్చినట్టు హోదాలన్నీ ఊడగొట్టుకుని వచ్చి, తినేది మాత్రం అంతే తింటుంది.

గులాబ్ గుర్తుందా? 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటి, బలం తగ్గి, తెలంగాణను తడిపి ముద్ద చేసి, పడమరకు పోయి అరేబియా సముద్రంలో పడింది. అక్కడ మళ్లీ ఒళ్లు చేసి కొత్త పేరు పెట్టించుకుంది. షాహీన్, ఖతార్ ఇచ్చిన పేరు. అక్టోబరు 3న ఒమన్‌లో దిగింది. మా జగిత్యాల, నిర్మల్ పిల్లలు పోయే దారే అది. ఏజెంటుకు పైసా కట్టకుండా గల్ఫ్ పోయిన ఘనత మాత్రం దానికొక్కదానికే దక్కింది. అటు పేరుంది, ఇటు పేరుంది. మధ్యలో మా మీద నుంచి పోయిన ఆ రెండు మూడు రోజులే అది ఎవరికీ పట్టని వాన.

బావ కొన్నాళ్లు ఫోన్ ముట్టలేదు. తర్వాత మామూలే. మొన్న దుకాణానికి పోతే గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకున్న పేర్ల వరుస కనిపించింది. సెన్యార్, దిత్వా, ఆ తర్వాత అర్నబ్. ఈ చివరిది బంగ్లాదేశ్ ఇచ్చింది. "ఇది మాత్రం మస్తు మొత్తుకుంటది బామ్మర్ది" అన్నాడు సంబరంగా. నాలుగెకరాల వడ్లకు ఎన్ని పరదాలు పడతాయని అడిగాను. అది మీ అక్కకు తెలుసన్నాడు.

అక్కకు తెలుసు. కొన్నది కూడా. కాబట్టి బావకు చెప్పేదేమీ లేదు. కొనుగోలు కేంద్రాల వాళ్లకే ఒక మనవి: తేమ పదిహేడు దాటిందని వడ్లను పక్కన పెట్టినప్పుడు, ఆ పక్కనే ఒక పరదా కూడా పెట్టండి.