గులాబీ రేకులకు ఎన్ని మార్కులు?

‘రూపాల్స్ డ్రాగ్ రేస్’ 2009 ఫిబ్రవరిలో మొదలైంది. అభిమానులు చెప్పేదాన్నిబట్టి చూస్తే ఇంచుమించు మార్చి నుంచే పాడైపోతూ వస్తోంది. ఇన్నేళ్లుగా పాడవుతూ, ఇంకా పూర్తిగా పాడవడం చేతకాని కార్యక్రమం మరొకటి నేను చూడలేదు. లోగో అనే చిన్న చానెల్లో వచ్చినప్పుడే దానికి ప్రాణం ఉండేదనీ, 2017లో వీహెచ్‌వన్‌కి వెళ్లాక డబ్బు చేసిందనీ కొందరు. కాదు, 2023లో ఎమ్‌టీవీకి మారాకే అసలు చెడిందని ఇంకొందరు. మా చెల్లెలి కూతురు షికాగోలో ఉంటుంది. దాని లెక్కలో ఆరో సీజనే ఆఖరి మంచి సీజన్. ఆ సీజన్ వచ్చిన 2014లో దాని వయసు ఇరవై. ఇరవయ్యో ఏట చూసింది ఏదీ ఎవరికీ చెత్తగా కనిపించదు కాబట్టి ఆ విషయంలో దాంతో నేను వాదించను.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. డ్రాగ్ అంటే వేషం కట్టి ఆడటం, పాడటం, నవ్వించడం. ఎక్కువగా మగవాళ్లు ఆడవేషం కడతారు. ట్రాన్స్ మహిళలూ పోటీలో దిగారు, గెలిచారు కూడా. డజనుకి అటూ ఇటూగా పోటీదారులు. వాళ్లు ఒక వారం బట్టలు కుట్టాలి, ఒక వారం నాటకం ఆడాలి, ఒక వారం ఎవరో ప్రముఖుల్ని అనుకరించి జనాన్ని నవ్వించాలి. ఏం చేసినా ఆ మీదట ముస్తాబై రన్‌వే మీద నడవాలి. వెనకబడిన ఇద్దరు ఒకే పాటకి పెదవులు కలుపుతూ తలపడతారు. ఒకరు ఉంటారు, ఒకరు ఇంటికి. అన్నిటికీ పైన రూపాల్ గారు. పగలు పోటీదారులు తయారయ్యే వర్క్‌రూమ్‌లో సూటు, సాయంత్రం సింహాసనం మీద బంగారు రంగు విగ్గు. ఆయన అన్నా ఆమె అన్నా తనకి పట్టింపు లేదని వారే చెప్పారు.

ఈ జబ్బు నాకు ఫోన్‌లో అంటింది. అమెరికాలో శుక్రవారం రాత్రి ఎపిసోడ్ వస్తే మనకి శనివారం పొద్దున్న. మా ఇంట్లో శనివారం అంటే వేంకటేశ్వరుడు, తలంటు. 2017 జూన్‌లో ఒక శనివారం ఫోన్ ఎత్తగానే అవతల ఏడుపు. ఎవరికేమైందోనని మా వారు పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

“షే కూలే ఓడిపోయింది పెద్దమ్మా! సీజనంతా నాలుగు చాలెంజ్‌లు గెలిచిన మనిషి!”

“ఎవరి చేతిలో?”

“సాషా వెలూర్. అంతా గులాబీ రేకుల వల్ల!”

ఆ గులాబీ రేకుల సంగతి నేను తర్వాత చూశాను. అది తొమ్మిదో సీజన్. కిరీటం ఎవరిదో ఫైనల్ వేదిక మీద లిప్ సింక్ పోటీలతోనే తేల్చడం అప్పుడే మొదలు. విట్నీ హ్యూస్టన్ పాట ‘సో ఎమోషనల్’. షే కూలే బాగానే ఆడింది. సాషా మాత్రం నిలబడిన చోటే నిలబడి, పాట ఊపందుకున్నాక గ్లవ్స్ తీసింది. అందులోంచి గులాబీ రేకులు. పాట ఇంకా పైకి వెళ్లాక తల మీది విగ్గు మెల్లగా ఎత్తింది. దాని కిందినుంచి, ఎర్రగా, బోడిగుండు మీదుగా, రేకుల జల్లు. హాలు హాలంతా లేచిపోయింది. నేను కూడా మా సోఫాలోంచి లేచాను. నా ఉద్దేశంలో ఆ ఒక్క నిమిషం కోసం సీజన్ మొత్తం చూడొచ్చు.

మా షికాగో అమ్మాయి అలా అనుకోదు. దాని దగ్గర పట్టిక ఉంది. అభిమానులందరి దగ్గరా ఉంటుంది. నిలువునా పోటీదారుల పేర్లు, అడ్డంగా ఎపిసోడ్లు. గెలిస్తే ఒక రంగు, బాగా చేస్తే ఒకటి, గట్టెక్కితే ఒకటి, చివరి ఇద్దరిలో పడితే ఎరుపు. దీన్ని ట్రాక్ రికార్డ్ అంటారు. ఈ సందర్భంలో తెలుగువాళ్లని చూస్తే అమెరికా అభిమానులు సొంత చుట్టాల్ని చూసినట్టు సంతోషించాలి. ఎంసెట్ ర్యాంకులతో పెళ్లిచూపులదాకా నడిచొచ్చిన జాతి మనది. ఏడాదంతా ఫస్టు వచ్చిన పిల్ల చివరి రోజు ప్రాక్టికల్స్‌లో పోయిందంటే మన గుండె ఊరుకుంటుందా? రీవాల్యుయేషన్ పెట్టమంటాం, కోర్టుకి వెళ్తాం. డ్రాగ్ రేస్ అభిమానులు చేసేది సరిగ్గా అదే. కాకపోతే కోర్టు లేదు.

ఉన్న ఒక్క కోర్టూ రూపాల్ గారే. తీర్పు చెప్పేముందు వారు దాచకుండా, నవ్వుతూ ఒక మాట అంటారు: జడ్జిలతో మాట్లాడాను, తుది నిర్ణయం మాత్రం నాదేనని. ఇంతకన్నా నిజాయితీగా ఎవరు చెబుతారు? అయినా రాణిగారి కొలువులో సర్వీసు కమిషన్ నియమావళి అమలు కావడం లేదని అభిమానులు ఇన్నేళ్లుగా వాపోతున్నారు. జడ్జి మిషెల్ విసాజ్‌కి ఆకుపచ్చ రంగంటే పడదు. ఎందుకు పడదు అంటే పడదు. చిలకాకుపచ్చ కంచిపట్టుకి మెరూన్ అంచు ఉంటే ఎలా ఉంటుందో ఆ తల్లికి ఎవరూ చూపించినట్టు లేదు. ఇలాంటి చోట మార్కులు కూడి మెరిట్ లిస్టు వెయ్యమంటే ఏం వేస్తారు?

అదే తొమ్మిదో సీజన్‌లో వాలెంటీనా సంగతి నాకు ఇంకా ఇష్టం. అందగత్తె, జనం పిచ్చిగా అభిమానించిన మనిషి. చివరి ఇద్దరిలో పడింది. అరియానా గ్రాండే పాటకి లిప్ సింక్ చెయ్యాలి. ఈవిడ నోటిని కప్పేసే మాస్కు వేసుకుని వచ్చింది. పెదవులతో చేసే పోటీకి పెదవులు దాచుకుని రావడం! పాట మొదలైంది, మాస్కు అలాగే ఉంది. రూపాల్ గారు పాట ఆపించారు. తియ్యమన్నారు. ఉంచుకుంటానండి అంది, ఎంతో మర్యాదగా, అమాయకంగా. ఇది లిప్ సింక్, పెదవులు కనపడాలి, తియ్యాలి అన్నారు వారు. తీశాక అందరికీ అర్థమైంది, పాట రాదు. ఇంటికి పంపేశారు. టీవీలో ఇంత శుద్ధమైన న్యాయం నేను అంతకుముందు చూడలేదు. అయినా అన్యాయం జరిగిందని వాదించేవాళ్లు కావలసినంతమంది దొరికారు. ఇక్కడ మాత్రం ట్రాక్ రికార్డ్ ఎవరూ తెరవలేదు.

మా వారు ఆడిట్ శాఖలో రిటైరయ్యారు. మొదట్లో ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, “ఆ అబ్బాయి మళ్లీ గెలిచాడా?” అని మాత్రం అడిగేవారు. తర్వాత పేపరు దిగింది. ఆయనకి నాటకంతో పనిలేదు, పద్దులతో పని. మొదటి సీజన్‌లో బహుమతి 20,000 డాలర్లు. పదిహేనో సీజన్‌కి 2,00,000. “పదింతలు పెరిగింది కదా, ఇంక ఏడుపేమిటి?” అన్నారు. ఖర్చు కూడా పెరిగిందని మా అమ్మాయి వివరించింది. మొదటి సీజన్ మొదటి పోటీలో చవక కొట్టు సామాన్లు, పాతబట్టలు తెచ్చి గౌను కుట్టుకోమన్నారు. ఇప్పుడు డిజైనర్లతో కుట్టించుకుని పెట్టెలకొద్దీ తెచ్చుకుంటారు. అందుకోసం అప్పుల పాలయ్యామని పోటీదారులే చెప్పుకున్నారు.

ఆయన్ని నిజంగా కదిలించింది మాత్రం బ్రిటన్ సీజన్. అక్కడ ఈ కార్యక్రమం బీబీసీలో వస్తుంది. నగదు బహుమతి లేదు. 2021లో వచ్చిన రెండో సీజన్‌కి మధ్యలో కోవిడ్ అడ్డొచ్చి చిత్రీకరణ నెలల తరబడి ఆగిపోయింది. పబ్బులు, క్లబ్బులు మూత, వీళ్లకి ఆదాయం సున్నా. తిరిగి మొదలయ్యాక జో బ్లాక్ అనే పోటీదారు హెచ్ అండ్ ఎమ్ గౌను వేసుకుని రన్‌వే మీదకి వచ్చింది. రూపాల్ గారికి ఎక్కడలేని కోపం వచ్చి, నాకు హెచ్ అండ్ ఎమ్ చూపించకండంటూ అందరిమీదా కలిపి మండిపడ్డారు.

“ఆగు, ఆగు,” అన్నారు మా వారు. “ప్రైజు మనీ లేదు. బట్టలు సొంతం. టీఏ డీఏల ఊసు లేదు. పైన తిట్లు కూడానా?”

ఆ రోజు నుంచి ఆయన కూడా విమర్శకుల్లో చేరిపోయారు. ఒక నోటుబుక్కు కూడా పెట్టారు.

నిడివి విషయంలో అభిమానులకి ఏదీ ఒప్పదు. 2022లో పద్నాలుగో సీజన్ వచ్చింది. అందులో ఒక్కొక్కరికి ఒక్కో చాక్లెట్ బార్ ఇచ్చారు. ఏదో ఒక దానిలో బంగారు బార్ ఉంటుంది. అది దొరికినవాళ్లు ఓడినా ఇంటికి పోనక్కర్లేదు. దానికి తోడు ఎవరినీ పంపని వారాలు. సాగదీసి చంపుతున్నారని గోల. సరే, 2023లో ఎపిసోడ్‌ని గంటకి కుదించారు. ప్రకటనలు పోను చేతికి వచ్చేది ముప్పావు గంటలోపే. ఇప్పుడు కత్తిరించి చంపుతున్నారని అంతకు రెట్టింపు గోల. మార్చి వచ్చేసరికి ఎమ్‌టీవీ దిగొచ్చి మళ్లీ గంటన్నర చేసింది. ఇది అభిమానులు గెలిచిన కేసు. అందుకే ఎప్పుడూ దాని ప్రస్తావన తేరు.

మా నాన్నగారిది తెనాలి. ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామను ఆయన చూశారు. ఒక్కసారితో తృప్తిపడే మనిషి కాదు. వచ్చాక అరుగు మీద కూర్చుని పైటని, నడకని, కినుకని, అప్పటికీ ఇప్పటికీ ఏమి తగ్గింది, ఏమి హెచ్చింది అని విడదీసి మాట్లాడేవారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించకముందు తెర మీదుగా జడ వేస్తుంది, నన్ను మించినవాళ్లుంటే రమ్మని సవాలుగా. వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఆ జడ వేసిన తీరు మీద మా ఇంట్లో రెండు పార్టీలు ఉండేవి. డ్రాగ్ రేస్‌లో వర్క్‌రూమ్‌లోకి అడుగుపెడుతూ ఒక్కొక్కరు ఒక డైలాగు విసిరినప్పుడల్లా నాకు ఆ జడే గుర్తొస్తుంది. మగవాడు ఆడవేషం కడితే చూసి, ఆ కట్టులో తప్పులు పట్టే విద్య మనకి షికాగో నుంచి రానక్కర్లేదు. స్థానం వారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. రూపాల్ గారికి ఎమ్మీలు చాలా వచ్చాయి, అభిమానులు వాటి మీద కూడా గొణుగుతారు.

గొణగడం వేరు, తిట్టడం వేరు. ఓడించిందన్న కోపంతో, తమ అభిమాన తారతో పోట్లాడిందన్న కోపంతో పోటీదారులకి చంపుతామని సందేశాలు పంపేవాళ్లు ఈ గుంపులోనే ఉన్నారు. అందులోనూ నల్లజాతి పోటీదారులకి పడే తిట్లు ఎక్కువ, ఘోరం కూడా. ఆ మాట వాళ్లే పదేపదే చెప్పారు. ఇది విమర్శ ఖాతాలోకి రాదు. మా అమ్మాయి కూడా ఈ మాట దగ్గర పట్టిక మూసేస్తుంది.

షే కూలే 2020లో, పాత పోటీదారులు మళ్లీ తలపడే ఆల్ స్టార్స్ ఐదో సీజన్ గెలిచింది. బాకీ తీరింది కదా అన్నాను. “అది వేరు, ఇది వేరు పెద్దమ్మా” అంది.

కొత్తగా చూడాలనుకునేవారికి ఒక మాట. ఐదో సీజన్‌తో మొదలుపెట్టండి. జింక్స్ మాన్‌సూన్ అనే మనిషిని కలుస్తారు, మిగతా పని ఆవిడ చూసుకుంటుంది. మొదటి సీజన్‌కి వెళ్తే టీవీ తెర తుడవకండి. బొమ్మే అంత మసకగా ఉంటుంది, కెమెరాకి వాజెలీన్ రాశారని అభిమానులు ఇప్పటికీ ఏడిపిస్తారు. ఆల్ స్టార్స్ మూడో సీజన్‌లో ఆఖరి ఇద్దరు ఎవరో అంతకుముందే ఓడిపోయినవాళ్లచేత ఎన్నిక చేయించారు. ఫెయిలైనవాళ్లతో పేపర్లు దిద్దించారని మా వారు నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో అభ్యంతరం రాసి ఉంచారు. అది చూశాక మాత్రం దయచేసి నాకు ఫోన్ చెయ్యకండి. ఆయనకే చెయ్యండి.