ఒక కుట్టుమిషను, పాతది

ఇది ఆత్మకథే. అయినా ఇందులో ‘నేను’ కనపడదు. కోర్టుకు ఇచ్చిన సామాన్ల జాబితాలో, డబుల్‌కాట్ మంచానికి కింద, గ్యాస్ పొయ్యికి పైన, ‘ఒక కుట్టుమిషను, పాతది’ అని వకీలు గుమాస్తా టైపు చేసిన రోజు నుంచి ఈ మిషన్ తన గురించి తాను అట్లాగే చెప్పుకుంటోంది. ‘పాతది’ అన్నచోట మాత్రం దానికి అభ్యంతరం ఉంది. ఇనుప కాళ్ళ తొక్కుడు మిషన్‌ను వయసు అడగకూడదు, నూనె చుక్క వేశారా లేదా అని అడగాలి.

ముందు వంశం సంగతి. జే ఇంజనీరింగ్ వర్క్స్ వాళ్ళు 1930ల్లో కలకత్తాలో ‘ఉషా’ మిషన్లు మొదలుపెట్టారు. ఆ పేరు యజమాని లాలా శ్రీరామ్ కూతురిది. అంటే ఈ మిషన్‌ది పుట్టింటి పేరు. పెళ్ళిలో సామానుగా వెళ్ళినా అది మారలేదు.

ఇంకా పైతరానికి పోతే అమెరికాలో ఐజాక్ సింగర్ తగులుతాడు. అంతకుముందే 1846లో ఎలియాస్ హోవే పేటెంటు తీసుకున్నా, 1851లో తనదీ ఒకటి తీసి, మిషన్‌ను ఇంటింటికీ చేర్చినవాడు సింగర్. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి, ఆమె మీద ప్రేమతో ఆయన దీన్ని తయారుచేశాడని 1924లో గాంధీజీ ఒక సంభాషణలో మెచ్చుకున్నారు. యంత్రాలంటే అంతగా ఒప్పుకోని మనిషి కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. ఆ మాట తలుచుకుంటే ఈ మిషన్‌కు ఇప్పటికీ గర్వమే. కానీ సింగర్ సంసారం ఆ ప్రేమకథకు సరిపడదు. వేర్వేరు ఇళ్ళలో ఇరవై మందికి పైగా పిల్లలు, 1860లో మొదటి భార్యతో విడాకులు, అదే ఏడు ఇంకో ఆవిడతో రచ్చ, ఆనక దేశం వదిలి యూరప్‌కు ప్రయాణం. కాబట్టి తెగిన పెళ్ళిళ్ళు ఈ వంశానికి కొత్త కాదు.

జడ్చర్లకు రావడం ఇట్లా జరిగింది. బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ అమ్మిన పైసలతో ఒక రైతు బిడ్డ పెళ్ళికి సామాన్లు కొన్నాడు. బీరువా, మంచం, కూలర్‌తోపాటు ఈ మిషన్ కూడా కావేరమ్మపేటలోని అత్తగారింటికి చేరింది. అక్కడ దాని మీద టీవీ పెట్టారు. చాలాకాలం అది కుట్టలేదు, సీరియళ్ళు మోసింది.

పెళ్ళి ఎందుకు చెడిందన్న సంగతి మీద వాడంతా తలా ఒక తీర్పు చెప్పింది గనుక ఇక్కడ ఇంకొకటి అక్కర్లేదు. పెళ్ళిలో ఏనాడూ ఒక మాట మీద నిలబడని ఇద్దరూ విడిపోవడానికి మాత్రం ఒకే కాయితం మీద సంతకాలు పెట్టారు. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13బి సెక్షన్ ఇందుకోసమే ఉంది. ఏడాది విడిగా ఉన్నాక ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. ఆరు నెలలు ఆగి మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, సందర్భాన్ని బట్టి మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళిలో ఆడపిల్లకు ఇచ్చిన స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేల్చింది. ఆ తీర్పు పుణ్యమా అని టీవీ దిగింది, మిషన్ ట్రాలీ ఆటో ఎక్కింది.

సిగ్నల్‌గడ్డలో అద్దె గది చూపిస్తూ ఇంటావిడ మిషన్ యజమానురాలిని అడిగింది: “మీ ఆయన ఏం జేస్తడమ్మా?”

“వాయిదాలకొస్తడు.”

అదేదో సర్కారు నౌకరీ అనుకుందో ఏమో, గది ఇచ్చేసింది.

మహబూబ్‌నగర్ కోర్టుకు పోయిరావడం ఇంకో కథ. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు జీరో టికెట్ వచ్చింది. ఆధార్ చూపించాలి. ఆమె ఆధార్‌లో ఉన్నది అత్తగారింటి అడ్రసు. ఆ ఇంటి నుంచి విడుదల కోసం ఆ ఇంటి అడ్రసు చూపించే ఉచితంగా తిరిగింది. “గా ఇల్లు నాకు జేసిన ఉపకారం గిదొక్కటే” అని కండక్టరమ్మతో చెబితే ఆవిడ టికెట్ కొట్టడం ఆపి మరీ నవ్విందట.

కుట్టు ఆమెకు పుట్టుకతో రాలేదు. మొదట్లో తొక్కుడు తిరగబడి దారం తెగేది. బాబిన్ గుండ్రంగా చుట్టుకునేది కాదు. మొదటి జాకిట్‌లో రెండు చేతులూ ఒకే వైపువి వచ్చాయి. పక్కింటామె దాన్ని తొడుక్కుని చూసి, “ఒక చెయ్యి ఎప్పుడూ దండం పెడుతున్నట్టుందే” అంది. ఆపైన ఆమె బుద్ధిగా పేపర్ కటింగ్ నేర్చుకుంది. పేపరంటే పాత వారపత్రికలు.

ఈ మిషన్‌కు సాహిత్యం అబ్బింది అక్కడే. చంక రౌండులో సీరియల్ నాయిక ఏడుస్తూ ఉండేది. వీపు ముక్కలో భర్త ఇల్లు వదిలిపోయేవాడు. డాట్ దగ్గర కత్తెర పడేసరికి ఆమె బావి వైపు నడుస్తూ ఉండేది. తరువాయి వచ్చేవారం. తెలుగులో పెళ్ళి చెడిన ఆడదాని కథకు ఈ ఏడుపు కొలతే ఖాయం చేశారా అని ఈ మిషన్‌కు అనుమానం వచ్చింది.

పూర్తిగా అట్లా అనడానికీ లేదు. రంగనాయకమ్మ ‘స్వీట్ హోం’లో విమల, బుచ్చిబాబుల కాపురంతో పాఠకులను కడుపుబ్బ నవ్వించారు. ‘జానకి విముక్తి’లో సంసారం నుంచి బయటపడిన ఆడదాన్ని చూపించారు. నవ్వు ఒక పుస్తకంలో ఉంది, విడుదల ఇంకో పుస్తకంలో ఉంది. రెంటినీ కలిపి కుట్టిన నవల గురించి డాక్టర్ బీఆర్ఆర్ డిగ్రీ కాలేజీ విద్యార్థిని ఒకమ్మాయి, చుడిదార్ ఆల్టరేషన్‌కు వచ్చి కూర్చుని చెప్పింది. అమెరికన్ రచయిత్రి నోరా ఎఫ్రాన్ 1983లో రాసిన ‘హార్ట్‌బర్న్’ అది. వాటర్‌గేట్ కుంభకోణాన్ని బయటపెట్టిన విలేకరి కార్ల్ బెర్న్‌స్టీన్‌తో తన సొంత పెళ్ళి విరిగిన తీరునే ఆమె హాస్య నవలగా మార్చింది. నాయిక వంటల పుస్తకాలు రాస్తుంది. ఏడో నెల గర్భంతో ఉండగా భర్త వ్యవహారం తెలుస్తుంది. కథ మధ్యలో వంటలు ఎట్లా చెయ్యాలో కూడా రాసి ఉంటుంది. చివరికి నిమ్మరసంతో చేసిన తీపి వంటకాన్ని మొగుడి మొహాన కొడుతుంది. 1986లో మెరిల్ స్ట్రీప్ నాయికగా సినిమా కూడా వచ్చింది.

అంతా విని యజమానురాలు సూదిలో దారం ఎక్కిస్తూ అంది: “అంత మంచిగ జేసింది మొహాన కొట్టుడెందుకు? తాను తినాలె, ఉత్త గిన్నెతోటి కొట్టాలె.”

ఇక సంపాదన. ఇక్కడే అసలు హాస్యం ఉంది. పెళ్ళి తెగినామె బతుకు మొత్తం ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ మీదే నడుస్తుంది. మాఘంలో, శ్రావణంలో గదిలో నడవడానికి జాగా ఉండదు. మూఢం వస్తే మిషన్‌కు విశ్రాంతి, డబ్బాలో బియ్యానికి గండం. గురు మూఢం ఎప్పుడో, శుక్ర మూఢం ఎప్పుడో ఊరి పంతులు కంటే ఆమెకే బాగా గుర్తు. ఒడిబియ్యం పోసేచోటికి ఆమెను పిలవరు. ఒడిబియ్యం జాకిట్లు మాత్రం ఇక్కడికే వస్తాయి. పోలేపల్లి సెజ్‌లో పనిచేసే ఆడపిల్లలు జీతం రోజున వచ్చి ఫాల్, పికో పైసలు కట్టిపోతారు. బతుకమ్మ పండుగ ముందు ఆమె కూడా కోర్టు లాగే అందరికీ వాయిదా ఇస్తుంది.

ఒంటరి మహిళలకు తెలంగాణ ప్రభుత్వం 2017లో నెలకు 1000 రూపాయలతో పింఛను మొదలుపెట్టి, 2019లో 2016 రూపాయలకు పెంచింది. దానికోసం ఆమె అర్జీ పెట్టింది. విచారణకు వచ్చినాయన గడపలో నిలబడి చూశాడు. లోపల కొలతలిచ్చేవాళ్ళు, ట్రయల్ చూసుకునేవాళ్ళు, జాకిట్ కోసం కొట్లాడేవాళ్ళు.

“ఇందులో ఒంటరి ఎవరమ్మా?”

“నేనే సార్. వీళ్ళంత పోనియ్యి, సూపిస్త.”

పెళ్ళి పట్టుచీర ఒక మధ్యాహ్నం ఈ మిషన్ మీదికే వచ్చింది. తల్లి గుండెలు బాదుకుంది. బిడ్డ ఏడుస్తుందేమోనని పక్కింటామె నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. యజమానురాలు అంచు విడదీసి, జరీ చూసి, టేపు పెట్టి కొలిచి, “రెండు లంగలైతయ్, మిగిల్తే సంచి” అంది. ఆ లంగాలు మార్కెట్ రోడ్డులో ఒక పుట్టినరోజుకు తిరిగాయి. సంచిలో ఇప్పుడు విడాకుల డిక్రీ నకలు, కరెంటు బిల్లులు, ఖాతాదారుల బాకీల పుస్తకం ఉన్నాయి.

నవల రాయడం మిషన్‌కు చేతకాదు. ఆ డిగ్రీ అమ్మాయి రాస్తానంది, రాయనీ. ఈలోగా జడ్చర్లలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు ఒక విన్నపం. గుడ్డ నెల ముందే తెచ్చి ఇవ్వండి. లైనింగ్ నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి తేండి. కొలతకు ఇప్పుడు సరిపోతున్న జాకిటే తేండి, పెళ్ళిచూపులనాటిది వద్దు. బాకీ ఉన్నవాళ్ళు ఈ మూఢంలోనే కట్టేయండి.